గుండ్రాంపల్లి ఊరినడకకు బయల్దేరే ముందు

చిట్యాల మండలంలోని ఈ ఊళ్లో 1948లో రజాకార్లు (నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం) జనాన్ని చంపి బావిలో పడేశారు. అది గుర్తుంచుకొని రండి.

• పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టాలి. నీళ్ల సీసా, టోపీ, గట్టి చెప్పులు.

• స్తూపం దగ్గర సెల్ఫీలు వద్దు. చనిపోయినవాళ్లలో మీ పక్కన నిలబడ్డ మనిషి తాత ఉండొచ్చు.

• పెద్దవాళ్లను చావుల లెక్క అడగకండి. "అవ్వా, అప్పుడు మీ ఇంట్లో గింజలు ఏడ దాచేటోళ్లు?" అనండి. పాతర, కారంపొడి, వడిసెల రాళ్లు, రాత్రి కాపలా... ఒక్కొక్కటే మాటల్లోకి వస్తాయి. చెబుతూ చెబుతూ కొంగుతో కళ్లొత్తుకుంటే ఫోన్ జేబులో పెట్టేయండి. రికార్డు చేయాలంటే ముందే అడగాలి.

• పిల్లలుంటే, ముస్లిం అయిన ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ కూడా నిజాంపై పోరాడారని చెప్పండి. ఇది మాత్రం మరవొద్దు.