మిషన్ కాదన్నప్పుడు వికలాంగులు ఏం అడగాలి, ఎక్కడ అడగాలి

పింఛను ఇచ్చే చోటనో, రేషన్ దుకాణంలోనో "వేలు పడ్తలేదు", "ముఖం తీసుకుంటలేదు", "ఆన్‌లైన్ల మీ పేరు లేదు" అన్న మాట విని వెనుదిరిగిన వికలాంగులకు, వారి తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే ఇంటివాళ్లకు ఈ సూచనలు ఉపయోగపడతాయి. ముందుగా ఈ మాటల్లో ఏది విన్నారో తేల్చుకోవాలి. మొదటి రెండింటిలో మిషన్ మనిషిని గుర్తుపట్టలేదు. మూడోదానిలో మనిషితో పని లేకుండానే ఎక్కడో ఒక జాబితా నుంచి పేరు పోయింది. గుర్తుపట్టనప్పుడు వేరే పద్ధతి అడగాలి, పేరు పోయినప్పుడు కారణం అడగాలి. చాలామంది పేరు పోయినప్పుడు కూడా మళ్లీ మళ్లీ వేలిముద్ర వేస్తూ నెలలు పోగొట్టుకుంటారు.

గుర్తుపట్టని సంగతి ముందు చూద్దాం. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో వెన్ను, మెడ బిగుసుకుపోయిన పెద్దలు తల పైకెత్తలేరు. ముఖం తెర మీది గీతలో ఇమడాలని, కళ్లార్పాలని యాప్ అడుగుతుంది. ఫోన్ పట్టుకున్న ఉద్యోగి నిలబడి ఉంటాడు గనుక కెమెరాకు నుదురు, నెత్తి తప్ప ఏమీ అందవు. అటువంటప్పుడు ఉద్యోగిని కూర్చోమని, ఫోన్‌ను ఆ మనిషి కళ్ల మట్టానికి దించి కొంచెం కిందినుంచి పట్టుకోమని అడగండి. ఇది ఉపకారం కాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 చెప్పే 'సహేతుక సర్దుబాటు' అంటే ఇటువంటిదే. పాలమూరు నుంచి మట్టి పనులకు, రాళ్ల పనులకు వలసపోయి వేళ్ల గీతలు అరిగిపోయినవారు, కుష్ఠు నయమైనా వేళ్లు నిలవనివారు కంటిపాపతో గానీ, ఆధార్‌కు జతచేసిన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో గానీ పని జరపమని అడగాలి. ఏదీ కుదరకపోతే రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలి. ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24న ఇచ్చిన సర్క్యులర్ ఈ మినహాయింపుల గురించే. మిషన్ గుర్తించలేదన్న కారణంతో లబ్ధి ఆపకూడదని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులోనూ ఉంది. వేళ్లు గానీ కళ్లు గానీ లేనివారు ఆధార్ కేంద్రంలో 'బయోమెట్రిక్ మినహాయింపు' నమోదైందో లేదో ఒకసారి చూపించుకోవడం మంచిది.

బ్యాంకు ఖాతాకో, సిమ్ కార్డుకో ఇదే ఇబ్బంది వస్తే మరింత గట్టి ఆధారం ఉంది. యాసిడ్ దాడికి గురై కళ్లార్పలేనివారు, చూపు లేనివారు వేసిన పిటిషన్ల మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, 20 ఆదేశాలు జారీ చేసింది. కళ్లార్పడానికి బదులు వేరే పద్ధతి ఉండాలని, కాగితం మీద కేవైసీ కొనసాగాలని, మిషన్ తిరస్కరించిన దరఖాస్తును ఒక మనిషి తిరిగి పరిశీలించాలని అందులో ఉంది. కాబట్టి మేనేజర్ దగ్గర "మా సిస్టం ఒప్పుకోదు" అన్న జవాబు వస్తే, సిస్టం నిర్ణయాన్ని మార్చే అధికారం ఉన్న అధికారి ఎవరో రాసి ఇమ్మనండి.

ఇక పేరు పోయినవారి సంగతి. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్‌తో వేర్వేరు శాఖల రికార్డులను జతపరిచి, ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉంది, ఎవరు అర్హులు కారు అన్నది అంచనా వేస్తూ వచ్చింది. పేరు, చిరునామా దగ్గరగా ఉంటే ఇద్దరిని ఒకరిగా పొరబడే అవకాశం ఇందులో ఉంది. నల్లగొండ పల్లెల్లో ఎందరు నర్సింహలు, పాలమూరు పల్లెల్లో ఎందరు కుర్మయ్యలు ఉంటారో మనకు తెలుసు, సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. 2016 నుంచి రద్దైన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. ఇంటికి వచ్చి చూడకుండా తీసేయడం మీద అభ్యంతరం మీ ఒక్కరిదే కాదన్నమాట.

ఇక్కడ చేయవలసింది సమాచార హక్కు దరఖాస్తు. ఆ చట్టం 4(1)(డి) ప్రకారం, ఒక నిర్ణయం వల్ల నష్టపోయినవారికి కారణాలు చెప్పడం అధికారుల బాధ్యత. పింఛను విషయమైతే జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయంలోని సమాచార అధికారికి ఇలా రాయవచ్చు: "నా పింఛను ఏ తేదీ నుంచి, ఏ అధికారి ఉత్తర్వుతో నిలిచిపోయిందో తెలపండి. నన్ను అనర్హుడిగా తేల్చడానికి ఏ శాఖ రికార్డు వాడారో, అందులో నా పేరు మీద ఏ వాహనం, ఆస్తి లేదా ఉద్యోగం ఉన్నట్టు చూపారో, దాని నమోదు సంఖ్యతో సహా ఇవ్వండి. నిర్ణయానికి ముందు మా ఇంట్లో విచారణ జరిపి ఉంటే ఆ నివేదిక నకలు ఇవ్వండి." "నా పింఛను ఎందుకు ఆపారు" అని మాత్రం అడగకండి, దానికి "అర్హత లేదు" అన్న ఒక్క ముక్క వస్తుంది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. రాయలేనివారు నోటితో చెబితే రాసుకోవడంలో సమాచార అధికారే సాయపడాలి. చూపు, వినికిడి లోపాలున్నవారికి ఇచ్చిన సమాచారం అర్థమయ్యేలా సాయం చేయడమూ ఆయన పనే. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. కారు నంబరు ఒకసారి చేతికి వస్తే, ఆ కారు యజమాని మీరు కాదని రవాణా శాఖ రికార్డుతో చూపడం కష్టమేమీ కాదు.

ఈలోగా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, నంబరున్న రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే లెక్క. మెట్లెక్కలేనివారు అర్జీ తీసుకునే అధికారిని కిందికి రమ్మని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అక్కడా తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు రాయాలి. ఈ కమిషనర్‌కు సాక్షులను పిలిపించడంలో, రికార్డులు తెప్పించడంలో సివిల్ కోర్టుకుండే అధికారాలు ఉన్నాయి. ఆయన సిఫారసు అందిన మూడు నెలల్లోపు ఏ చర్య తీసుకున్నదీ సంబంధిత శాఖ తెలియజేయాలి. ఫిర్యాదులో తేదీలు, రసీదు నంబర్లు, సమాచార హక్కు జవాబు జతచేస్తే చాలు, బాధలన్నీ ఏకరువు పెట్టవలసిన పని లేదు.

వకీలు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు వైకల్య ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింటిలోనూ పేరు, తండ్రి పేరు ఒకే అక్షరాలతో ఉన్నాయేమో చూసుకుని, తేడా ఉంటే ఆ తేడా ఏమిటో ముందే వకీలుకు చెప్పండి.