బండి అదురుతోందా? కారణం పట్టుకుని తగ్గించుకోవడం ఎలా

100 నుంచి 150 సీసీ బండ్లలో చాలావాటికి ఒకటే సిలిండర్. అందులో పిస్టన్ పైకి వెళ్లి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్లీ పైకి లేస్తుంది. 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఇది సెకనుకు వంద సార్లు జరుగుతుంది. క్రాంక్ (పిస్టన్ ఊపును తిరుగుడుగా మార్చే ఇరుసు) మీద ఎదురు బరువు ఉన్నా అది ఈ ఊపులో కొంత భాగాన్నే అణచగలదు. మొత్తం అణచేంత బరువు పెడితే పైకీ కిందికీ ఉన్న అదురు ముందుకీ వెనక్కీ మళ్లుతుంది. బ్యాలెన్సర్ షాఫ్ట్ (ఎదురు దిశలో తిరిగి అదురును అణచే బరువు ఇరుసు) ఉన్న ఇంజిన్లలో అదురు తక్కువగా ఉంటుంది, లేనివాటిలో కొంత పుట్టుకతోనే వస్తుంది. పైగా ఆర్‌పీఎం రెట్టింపైతే అదిరే బలం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి అదురును పూర్తిగా పోగొట్టాలని చూడకండి. మొన్నటిదాకా లేకుండా ఇప్పుడు కొత్తగా వచ్చిందే, అదే వెతకాలి.

ఇంజిన్ విప్పించడం చివరి మాట. తప్పు బయటే, ఒక బోల్టు దగ్గరో చైన్ దగ్గరో ఉండే అవకాశం ఎక్కువ.

ముందు మూడు పరీక్షలు

స్పానర్ పట్టకముందే అదురు ఇంజిన్ వేగంతో పెరుగుతోందా, బండి వేగంతో పెరుగుతోందా తేల్చుకోవాలి.

1. బండిని ఆరుబయట సెంటర్ స్టాండ్ మీద పెట్టి ఐదు నిమిషాలు వేడెక్కనివ్వండి. మూసిన గదిలో వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ నెమ్మదిగా పెంచండి. ఇక్కడే అదురు కనిపిస్తే చైన్‌ను, చక్రాలను పక్కన పెట్టేయవచ్చు. అవి అసలు తిరగడమే లేదు కదా.

2. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, అదురు వచ్చే వేగానికి చేరాక క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదలండి. అదురు చటుక్కున ఆగితే ఇంజిన్ వైపు చూడాలి. బండి నెమ్మదించేకొద్దీ మెల్లగా తగ్గితే టైరు, రిమ్ము, చక్రం బేరింగ్, చైన్ వైపు చూడాలి.

3. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒకసారి మూడో గేరు, ఒకసారి నాలుగో గేరు వేసి చూడండి. గేరు మారగానే అదురు స్వభావం మారితే అది ఇంజిన్‌దే.

ఒంటికి తెలిసే తేడా కూడా ఉంది. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు తొమ్మిది చుట్లే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం వంద దాకా తిరుగుతూ ఉండవచ్చు. అందుకే చేతులు, పాదాలు జివ్వుమని తిమ్మిరెక్కితే ఇంజిన్‌ను, హ్యాండిల్‌తో సహా మనిషే ఊగితే చక్రాన్ని అనుమానించాలి. యాక్సిలరేటర్ తిప్పినప్పుడే అదిరి, వదిలేస్తే ఆగేది మరో రకం. చైన్, వెనక హబ్బులోని రబ్బర్లు, క్లచ్ హౌసింగ్ మీద లోడు పడినప్పుడు బయటపడేది అది.

ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎక్కడ (హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, ట్యాంకు, సీటు) తెలుస్తోందో కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు

ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులివి. ఎక్కువసార్లు జవాబు దొరికేది ఇక్కడే, కాబట్టి ఓపిగ్గా చేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ముందు బ్రాకెట్లు, కింద, వెనక ఉన్న పొడవాటి బోల్టులు, కొన్ని బండ్లలో హెడ్డు (సిలిండర్ పై మూత) పైన ఉండే బ్రాకెట్ అన్నీ వెలుతురులో చూడండి. బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉన్నా, పెయింటు అరిగి లోహం మెరుస్తున్నా అక్కడ కదలిక ఉన్నట్టే. పెయింటులో సన్నని గీతలాంటి తుప్పు కనిపిస్తే అది ఫ్రేము పగులు కావచ్చు. అలాంటి బండిని వెల్డింగ్ తెలిసినవాళ్లకు చూపించేదాకా నడపకండి.

లూజైన ఒక్క బోల్టును బిగించి వదిలేయడం సగం పనే. మిగతావన్నీ బిగుసుకుని ఉండటంతో ఇంజిన్ వంకరగా కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోతుంది. ఇలా చేయండి:

ఇంజిన్ కింద చెక్క దిమ్మె పెట్టి బరువు దాని మీద ఆనించండి. సైలెన్సర్ వెనక బోల్టును వదులు చేయండి. మౌంటింగ్ నట్లన్నీ ఒక్కో చుట్టు వదలండి, బోల్టులు బయటికి లాగొద్దు. ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ కదిపి తన చోట కుదురుకోనివ్వండి. తర్వాత అన్నీ చేతి బిగువుకు తెచ్చి, పెద్ద బోల్టులతో మొదలుపెట్టి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) బిగించండి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 20–25, 10 మిల్లీమీటర్ల బోల్టుకు 35–45 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. ఇక్కడ బలం చూపిస్తే నష్టం మీకే: క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) అల్యూమినియంది, మరలు ఊడిపోతాయి.

నైలాన్ రింగు ఉన్న నట్లు రెండు మూడుసార్లు విప్పితే పట్టు కోల్పోతాయి, కొత్తవి వేయండి. బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగితే ఎంత బిగించినా నిలవదు, బ్రాకెట్ మార్చాల్సిందే. బిగించాక నట్టు మీదుగా బ్రాకెట్ దాకా పెయింటుతో ఒక గీత గీయండి. 500 కిలోమీటర్ల తర్వాత గీత తెగి కనిపిస్తే నట్టు తిరిగినట్టు.

సైలెన్సర్‌ది కూడా ఇదే కథ. వెనక బోల్టు ముందు బిగించేస్తే పైపు హెడ్డును ఒకవైపు గుంజుతూ, అదురును నేరుగా ఫుట్‌రెస్ట్‌కు మోస్తుంది. కొత్త గ్యాస్కెట్ రింగు వేసి, హెడ్డు దగ్గరి రెండు నట్లను మార్చి మార్చి సమంగా బిగించి, వెనక బోల్టును ఆఖరున బిగించాలి.

చైన్, హబ్ రబ్బర్లు

కింది చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే 20–30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఒక్కచోట చూసి సరిపెట్టుకోవద్దు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒకచోట బిగుతుగా, మరోచోట వేలాడుతూ ఉంటే అది సర్దుబాటుకు లొంగదు, చైన్, స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) సెట్టు మొత్తం మార్చాలి. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగినా అంతే. ఇంజిన్ నడుస్తుండగా గేరులో చక్రం తిప్పి చైన్ ముట్టుకుంటే వేళ్లు పోతాయి.

చైన్ మరీ బిగిస్తే మంచిదనుకుంటారు చాలామంది. మనిషి కూర్చుంటే వెనక సస్పెన్షన్ దిగి చైన్ ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు గరగరమనే అదురు ఫుట్‌రెస్ట్‌కు తగులుతుంది, ముందు స్ప్రాకెట్ వెనకున్న బేరింగ్ కూడా పాడవుతుంది.

వెనక చక్రం కదలకుండా పట్టుకుని స్ప్రాకెట్‌ను ముందుకీ వెనక్కీ కదపండి. టకటకమని కొట్టుకుంటే హబ్ రబ్బర్లు అరిగాయి. పాత ట్యూబు ముక్కలు దూర్చితే కొన్నాళ్లు నోరు మూసుకుంటుంది, అంతే.

అదురు చక్రానిదని తేలితే చల్లటి టైర్లలో గాలి, రిమ్ము వంకర, బేరింగ్ ఆట చూడండి. రిమ్ము పక్కకు 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఊగకూడదు.

ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే

సరిగా మండని ఇంజిన్ కుదుపులతో అదురుతుంది. ప్లగ్ గ్యాప్ చాలా బండ్లలో 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు, నల్లటి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు మిశ్రమం చూడాలి. స్లో స్పీడు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 1,400 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉండాలి. అంతకంటే బాగా తగ్గించి పెట్టి, అదురుతోందని బాధపడేవాళ్లూ ఉన్నారు.

ట్యాపెట్లు (వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండే సందు) రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే సరిచేయాలి. మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే బరువైన చక్రం) మీది ‘టీ’ గుర్తును, అంటే పిస్టన్ పైకొసకు చేరిందని చెప్పేదాన్ని, కేసు మీది గుర్తుకు కలపండి. రెండు రాకర్లకూ కాస్త ఆట ఉంటేనే అది కంప్రెషన్ స్ట్రోకు (రెండు వాల్వ్‌లూ మూసుకుని పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే దశ), లేకపోతే ఇంకో చుట్టు తిప్పాలి. గ్యాప్ మామూలుగా 0.05–0.10 మిల్లీమీటర్లు ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్లో చూడండి. మరీ బిగుతుగా ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది.

లోపలి తప్పులు

ఇంజిన్ పని చేయించిన వెంటనే అదురు మొదలైతే మూడు ప్రశ్నలు అడగండి. బ్యాలెన్సర్ గేరు గుర్తులు కలిపారా? కొత్త పిస్టన్ బరువు పాతదానితో సమానమేనా? క్రాంక్‌కు కొత్త కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) ఎక్కించాక తిన్నగా ఉందో లేదో డయల్ గేజ్‌తో చూశారా? మ్యాగ్నెట్ నట్టు లూజైనా ఇలాగే ఉంటుంది, అది చూడటం తేలిక.

కనెక్టింగ్ రాడ్ పెద్ద బేరింగ్ పక్కలకు కాస్త కదలడం మామూలే. పైకీ కిందికీ చేతికి తెలిసేలా కదిలితే పోయినట్టే. క్రాంక్ పని ప్రెస్సు, గేజులు ఉన్న చోటే చేయించాలి. నడుస్తుండగా అదురు ఒక్కసారిగా పెరిగి, లోపల లోహం కొట్టుకునే చప్పుడు వస్తే ఇంజిన్ ఆపి బండిని తోసుకెళ్లండి.

మిగిలిన అదురుకు

హ్యాండిల్ చివర్లలోని బరువులు అందానికి పెట్టినవి కావు. హ్యాండిల్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఎక్కువగా అదరాలో అవే నిర్ణయిస్తాయి. అవి తీసి రంగు రంగుల తేలిక మూతలు పెడితే, మునుపు లేని చోట తిమ్మిరి మొదలవుతుంది. అరిగిన గ్రిప్పులు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు మార్చండి, హ్యాండిల్ క్లాంపు బోల్టులు చూడండి.

ఎప్పుడూ ఒకే వేగంలో దూరం వెళ్లేవాళ్లు ముందు స్ప్రాకెట్‌ను 14 పళ్ల నుంచి 15కు మార్చుకోవచ్చు. అదే వేగానికి ఆర్‌పీఎం సుమారు 7 శాతం తగ్గుతుంది. పికప్ కూడా తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు దించక తప్పదు. దించకుండా టాప్ గేరులో గుంజితే అదురు మళ్లీ మొదటికొస్తుంది.