కోబాట్ పక్కన మనిషిని నిలబెట్టే ముందు

ముందు పని పంచండి: బరువులెత్తడం, ఒకే స్క్రూ వందలసార్లు బిగించడం కోబాట్‌కు (మనిషి పక్కనే పనిచేసేలా చేసిన రోబో), వైర్లు అమర్చడం, లోపాలు పట్టడం మనిషికి. రోజూ ఆ పని చేసే ఆపరేటర్‌తో కూర్చునే తేల్చండి. చెయ్యి ఎక్కడ పెట్టాల్సి వస్తుందో తెలిసేది వాళ్లకే.

రిస్క్ అంచనా కోబాట్ ఒక్కదానికే చేస్తే చాలదు. గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే కోబాట్ చెయ్యి), అది పట్టుకున్న భాగం, ఫిక్స్చర్ (భాగాన్ని కదలకుండా బిగించే చట్రం) అన్నీ లెక్కలోకి రావాలి. పదునైన రేకును పట్టుకున్న కోబాట్ ఎంత నెమ్మదిగా కదిలినా ప్రమాదమే. కోబాట్ భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ/టీఎస్ 15066 (2016) పత్రం ప్రకారం చెయ్యి నొక్కుకుపోతే బలం 140 న్యూటన్లు దాటకూడదు, ముఖానికైతే 65. అందుకే కోబాట్ కదిలే దారిని భుజాల కిందే ఉంచండి. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే అంకెను నమ్మకుండా ఆ బలాన్ని మీటర్‌తో కొలవండి. గ్రిప్పర్ మారితే మళ్లీ కొలవాలి.

మనిషి దగ్గరికొస్తే కోబాట్‌ను ఆపే లేజర్ స్కానర్ దూరాన్ని నడక వేగం సెకనుకు 1600 మిల్లీమీటర్లుగా తీసుకుని, కోబాట్ ఆగే సమయం కలిపి లెక్కించండి. కోబాట్ ఊరికే ఆగిపోతుంటే స్కానర్‌ను కప్పేయాలనే ఒత్తిడి పనివాళ్లపై పెరుగుతుంది. అందుకే ముందు నడకదారి మార్చండి.