జీతం చీటీ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: కటింగ్‌ల లెక్క

రెండో పాఠంలో డ్యూటీలు, ఓటీ గంటలు లెక్క కట్టి నెలకు రావలసిన మొత్తం జీతం ఎంతో తేల్చుకున్నాం. ఈసారి పే స్లిప్‌లో కటింగ్‌లు రాసే భాగం తీసుకుందాం. హైదరాబాద్‌కు కొత్తగా వచ్చి జీడిమెట్లలోనో పాశమైలారంలోనో కంపెనీలో చేరినవాళ్ళు, గచ్చిబౌలి ఆఫీసుల్లో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనులకు కుదిరినవాళ్ళు మొదటి జీతం పడగానే అడిగేది ఒకటే: "పదహారు వేలన్నారు, పద్నాలుగు వేల చిల్లరే పడింది, మిగతాది ఏమైంది?" శ్రీకాకుళం నుంచి వచ్చినా, పాలమూరు నుంచి వచ్చినా ఇదే ప్రశ్న.

కట్ అయినదంతా పన్ను కాదు. అందులో కొంత మీ పేరు మీద జమ అవుతుంది. కొంత మీకూ మీ ఇంటివాళ్ళకూ వైద్యం హక్కు తెస్తుంది. కొంత మాత్రమే ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఏది ఏదో గుర్తుపట్టడం ఈ పాఠంలో సగం. కట్ చేసిన డబ్బు చేరాల్సిన చోటికి చేరిందో లేదో చూసుకోవడం మిగతా సగం. నన్నడిగితే రెండోదే ముఖ్యం. ఎందుకంటే కటింగ్ చీటీలో కనిపిస్తుంది, జమ కనిపించదు.

ముందు ఒక సరైన చీటీ

బేసిక్ (మూల వేతనం), డీఏ (కరవు భత్యం) కలిపి 12,000. ఇంటి అద్దె భత్యం 4,000. మొత్తం 16,000 రూపాయలు. కటింగ్‌లు ఇలా ఉంటాయి: పీఎఫ్ (భవిష్య నిధి) 1,440, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 120, పీటీ 150. అంతా కలిపి 1,710. చేతికి వచ్చేది 14,290.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో కాగితం మీద మీరే వేసి చూడండి. పీఎఫ్ అంటే బేసిక్, డీఏల మీద 12 శాతం. ఇంటి అద్దె భత్యం ఇందులోకి రాదు కాబట్టి 12,000 మీద లెక్క, 1,440. ఈఎస్ఐ మాత్రం మొత్తం 16,000 మీద, 0.75 శాతం, అంటే 120. పీటీ అంటే వృత్తి పన్ను. దీనికి శాతం ఉండదు, శ్లాబ్ ఉంటుంది. తెలంగాణలో నెల జీతం 15,000 వరకు ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 వరకు 150, ఆపైన 200. ఈ డబ్బు రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది, తిరిగి రాదు. పీటీ గురించి ఇంతకంటే తెలుసుకోవాల్సింది లేదు.

ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్ గురించి కూడా ఈ జీతాల్లో టెన్షన్ పడక్కర్లేదు. 2025–26 కొత్త విధానంలో ఏడాదికి 12.75 లక్షల వరకు జీతం ఉన్నవాళ్ళకు పన్ను పడదు. నెలకు 16,000 వచ్చే చీటీలో టీడీఎస్ అని కనిపిస్తే అది ఎందుకో వెంటనే అడగాలి. డిసెంబర్ నెల చీటీలో లేబర్ వెల్ఫేర్ ఫండ్ అని 2 రూపాయలు పోతే అది సరైనదే.

చీటీలో కనిపించని సగం

పీఎఫ్‌లో మీరు ఎంత కడితే యజమాని కూడా అంత కట్టాలి. మన ఉదాహరణలో ఇంకో 1,440. అయితే అదంతా మీ పీఎఫ్ ఖాతాలో పడదు. 8.33 శాతం, అంటే సుమారు 1,000 పెన్షన్ ఖాతాకు వెళ్తుంది. మిగిలిన 440 మీ పీఎఫ్‌లో చేరుతుంది. అందుకే పాస్‌బుక్ తీసినప్పుడు మీ వాటా కింద 1,440, యజమాని వాటా కింద 440, పెన్షన్ కింద 1,000 అని మూడు అంకెలు కనబడతాయి. యజమాని వాటాలో తక్కువ చూసి మోసం జరిగిందని కంగారుపడకండి.

వీటికి తోడు యజమాని మరో అర శాతం ఇన్సూరెన్స్ కింద కడతారు. పనిలో ఉండగా మనిషి పోతే నామినీకి గరిష్ఠంగా 7 లక్షల వరకు వచ్చేది ఈ పథకం నుంచే. దీనికి మీ జీతంలోంచి ఒక్క రూపాయి కూడా పోదు. నామినీ పేరు ఎక్కించకపోతే ఊళ్ళో ఉన్న భార్యో, తల్లో ఆ డబ్బు కోసం కాగితాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. ఆ పనిని వాయిదా వేయకండి. ఈఎస్ఐలో మీరు 0.75 కడితే యజమాని 3.25 శాతం కడతారు. అంటే మీ 120కి వాళ్ళ 520.

ఇక్కడే పెద్ద గోల్‌మాల్ జరుగుతుంది. కొందరు కాంట్రాక్టర్లు తమ వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే కోసేస్తారు. చీటీలో పీఎఫ్ 1,440 ఉండాల్సింది 2,880 ఉంటుంది. అడిగితే "పీఎఫ్ అంటే అంతే" అంటారు. అంతే కాదు. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని చట్టం స్పష్టంగా చెబుతుంది. మీ పీఎఫ్ కటింగ్‌ను బేసిక్, డీఏ మొత్తంతో భాగించి 100తో గుణించండి. 12 శాతం దాటితే అడగాల్సిందే. పనికి కుదిరేటప్పుడే "పద్దెనిమిది వేలంటే అందులో మీ వాటా కూడా కలిసి ఉందా? మొత్తం జీతం ఎంత, చేతికి ఎంత?" అని రెండు అంకెలు విడిగా చెప్పించుకోండి. వీలైతే వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇంకో మాట. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలకు పీఎఫ్ తప్పనిసరి. కొత్తగా చేరేవారి పీఎఫ్ లెక్క జీతం 15,000 దాటితే మాత్రం తప్పనిసరి కాదు. ఈఎస్ఐకి జీతం పరిమితి నెలకు 21,000. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా జీతంగానే లెక్కించాలి. బేసిక్‌ను బాగా తగ్గించి మిగతాదంతా భత్యాల కింద చూపించే అలవాటుకు ఇది అడ్డుకట్ట.

ఈఎస్ఐ: ఏ హక్కు ఎప్పటి నుంచి

వలస వచ్చినవాళ్ళకు అన్నిటికంటే విలువైనది ఈఎస్ఐ అని నా నమ్మకం. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలకు ఏ రాష్ట్రం కార్డు అన్నది అడ్డొస్తుంది. ఈఎస్ఐ దేశమంతటా నడిచేది. మీరు కూకట్‌పల్లిలో పనిచేస్తూ, కుటుంబం పలాసలో ఉన్నా వాళ్ళ పేర్లు ఎక్కించి అక్కడికి దగ్గరలోని డిస్పెన్సరీ పెట్టుకోవచ్చు. చేరేటప్పుడు కుటుంబం వివరాలు ఇవ్వకపోతే మాత్రం ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

చేరిన రోజు నుంచే ఉండే హక్కులు రెండు. మామూలు వైద్యం ఒకటి, పనిలో దెబ్బ తగిలితే వచ్చే పరిహారం రెండోది. మెషీన్‌లో చెయ్యి పడి పనికి పోలేకపోతే, చేరి ఒక్క రోజే అయినా సరే, సగటు దినసరి జీతంలో 90 శాతం వస్తుంది. ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీ దాన్ని ప్రమాదంగానే రాసి పంపేలా చూడండి. "ఇంట్లో జారిపడ్డాడని చెప్పండి, బిల్లు మేమే కడతాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. బిల్లు ఒక్కసారి కడతారు, పోయిన వేలికి జీవితాంతం రావలసిన పరిహారం పోతుంది.

జబ్బు చేసి సెలవు పెట్టినప్పుడు వచ్చే డబ్బుకు మాత్రం రోజుల లెక్క ఉంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఒక చందా కాలం. దాని ఫలితం తర్వాతి ఏడాది జనవరి 1 నుంచి జూన్ 30 వరకు. అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు రెండో చందా కాలం. దాని ఫలితం జులై 1 నుంచి డిసెంబర్ 31 వరకు. శనగ వేసే కాలం ఒకటి, కోసే కాలం ఒకటి అయినట్టు అనుకోండి. ఏప్రిల్ 1న చేరారనుకుందాం. సెప్టెంబర్ ఆఖరుకు కనీసం 78 రోజుల చందా పడితే, జనవరి నుంచి జబ్బు సెలవుకు సగటు దినసరి జీతంలో 70 శాతం వస్తుంది. వరుసగా వచ్చే రెండు ఫలిత కాలాల్లో కలిపి 91 రోజుల వరకే. ఈఎస్ఐ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి, బయటి క్లినిక్ చీటీ ఒక్కటే చాలదు.

ఆడవాళ్ళకు ప్రసూతి సెలవు 26 వారాలు, పూర్తి జీతంతో. అంతకు ముందు రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉండాలి. అందుకే గర్భవతిగా ఉండగా ఏజెన్సీ మారేటప్పుడు పాత ఈఎస్ఐ నంబర్‌నే కొత్త చోట ఇవ్వాలి. కొత్త నంబర్ తీస్తే పాత రోజులు లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది.

రెండు నంబర్లు, ఒక తేదీ

మీ దగ్గర ఎప్పుడూ ఉండాల్సినవి రెండు. పీఎఫ్‌కు 12 అంకెల యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్), ఈఎస్ఐకి 10 అంకెల ఐపీ (ఇన్సూర్డ్ పర్సన్) నంబర్. ఉద్యోగం ఎన్నిసార్లు మారినా ఇవి మారకూడదు. ఈ-శ్రమ్ కార్డు మీద కూడా 12 అంకెల యూఏఎన్ అని ఉంటుంది. అది వేరు, పీఎఫ్ నంబర్ కాదు. చాలామంది అది చూపించి "నాకు పీఎఫ్ ఉంది" అనుకుంటున్నారు.

నంబర్ అడగడానికి మొహమాటపడకండి. మాటలు ఇలా ఉండవచ్చు:

"అన్నా, చీటీలో పీఎఫ్ కట్ అయింది. నా యూఏఎన్ నంబర్ చెప్తారా?"

"ఆఫీస్ నుంచి రావాలి తమ్మీ, నా దగ్గర లేదు."

"సరే అన్నా. ఆఫీసులో ఎవరిని అడగాలో పేరు, ఫోన్ నంబర్ ఇవ్వండి, నేనే మాట్లాడతాను."

ఇక తేదీ. ఒక నెల జీతానికి సంబంధించిన పీఎఫ్, ఈఎస్ఐ చందా తర్వాతి నెల 15లోపు కట్టాలి. జూన్ జీతంలో కట్ అయింది జులై 15కి చేరాలి. కాబట్టి ప్రతి నెలా 25 ప్రాంతంలో ఒకసారి చూసుకోండి. యూఏఎన్‌కు జోడించిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిగా పడిన చందా, మొత్తం నిల్వ మెసేజ్‌లో వస్తాయి. పాస్‌బుక్ పూర్తిగా చూడాలంటే ఉమంగ్ యాప్ ఉంది.

చీటీలో కట్ అయి పాస్‌బుక్‌లో పడకపోతే ముందు కాంట్రాక్టర్‌ను అడగండి. తర్వాత మీరు పనిచేస్తున్న అసలు కంపెనీ హెచ్ఆర్‌కు చెప్పండి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత అసలు కంపెనీదే. ఈ సంగతి తెలిసిన కార్మికుడి మాటకు బలం ఉంటుంది. అప్పటికీ కదలిక లేకపోతే పీఎఫ్ హెల్ప్‌లైన్ 14470 ఉంది, బర్కత్‌పురలో పీఎఫ్ ఆఫీస్ ఉంది. ప్రతి నెలా 27న 'నిధి ఆప్కే నికట్' పేరుతో పీఎఫ్ అధికారులు ఫిర్యాదులు వింటారు. ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయం ఆదర్శ్ నగర్, హిల్‌ఫోర్ట్ రోడ్డులో. పే స్లిప్ ఇవ్వని చోట జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లు, హాజరు ఫొటోలు దాచుకోండి. అవే సాక్ష్యం.

ఊరికి వెళ్ళేటప్పుడు

సంక్రాంతికో, కోతలకో ఊరికి వెళ్ళి, తిరిగొచ్చి ఇంకో ఏజెన్సీలో చేరడం మనవాళ్ళకు మామూలే. వెళ్ళేముందు పీఎఫ్ మొత్తం తీసేసుకోవడం కూడా మామూలైపోయింది. పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. పెన్షన్‌కు 10 ఏళ్ళ సర్వీసు కావాలి. ఆ పదేళ్ళు ఒకే చోట, ఏకబిగిన చేయక్కర్లేదు. విడివిడిగా నాలుగు ఏజెన్సీల్లో చేసినా కలుస్తుంది, ఒకే యూఏఎన్ కింద ఉంటే. చివరి 60 నెలల సగటు పీఎఫ్ జీతం 12,000 అయితే, పదేళ్ళ సర్వీసుకు 58 ఏళ్ళప్పటి నుంచి నెలకు సుమారు 1,714 రూపాయలు వస్తుంది. జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించండి, లెక్క అదే. ఇది పెద్ద మొత్తం కాదు. కానీ ఒళ్ళు వంగని వయసులో ప్రతి నెలా పడే డబ్బు, మీ తర్వాత మీ భార్యకు కూడా అందే డబ్బు. నిజంగా అత్యవసరమైతే పీఎఫ్ భాగంలోంచి అడ్వాన్స్ తీసుకోండి, పెన్షన్ జోలికి పోకండి.

ఇంటిపని

ఈ చీటీ నోట్‌బుక్‌లో రాసుకోండి. బేసిక్, డీఏ 11,000. ఇంటి అద్దె భత్యం 3,000. మొత్తం 14,000. కటింగ్‌లు: పీఎఫ్ 2,640, ఈఎస్ఐ 105, పీటీ 150. చేతికి 11,105. ఇందులో ఒక కటింగ్ సరైనది, రెండు తప్పు. ఏవి, ఎందుకు, చేతికి అసలు ఎంత రావాలి? అదయ్యాక ఇదే పద్ధతిలో మీ పోయిన నెల చీటీ తీసి లెక్క కట్టండి.

జవాబు నాలుగో పాఠంలో ఉంటుంది. ఆ పాఠం పేర్ల తేడాల గురించి. మన దగ్గర ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, పీఎఫ్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకులో పేరు చివర ఉండి క్లెయిమ్‌లు తిరిగొచ్చేస్తున్నాయి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాన్ దగ్గర పెట్టుకుని కూర్చోండి.