డే కేర్ సెంటరా, పెద్ద హాస్పిటలా? ఆపరేషన్ ఎక్కడ చేయించుకోవాలో తేల్చుకోండిలా

కంటి శుక్లం, హెర్నియా, మొలలు, గాల్ బ్లాడర్‌లో రాళ్లు, ఇలా ముందే డేట్ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్ల గురించే చెప్తున్నా. డే కేర్ సెంటర్ అంటే ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపేసే చోటు. యాక్సిడెంట్, గుండెపోటు లాంటివైతే ఆలోచించడానికేం లేదు, ఐసీయూ ఉన్న చోటికి పరిగెత్తడమే.

అందరూ ఫస్ట్ అడిగేది ప్యాకేజీ ఎంత అని. నన్నడిగితే ఫస్ట్ అడగాల్సింది మత్తు ఎలా ఇస్తారు అని.

మీ నాన్నగారికి డెబ్బై దాటాయి, షుగర్ ఉంది, ఎప్పుడో స్టెంట్ కూడా వేశారు అనుకోండి. శుక్లం ఆపరేషన్ అయితే మంచి కంటి హాస్పిటల్ చాలు, ఎందుకంటే ఎక్కువగా చుక్కలు వేసో కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చో చేసేస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు, సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. అదే ఆయనకి గాల్ బ్లాడర్ తీయాలంటే లెక్క మొత్తం మారిపోద్ది. ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే పద్ధతి) పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు, ఫుల్ మత్తు ఇచ్చి గొంతులో ట్యూబ్ వేస్తారు, గుండెకీ ఊపిరితిత్తులకీ లోడ్ పెరుగుతుంది, ఒక్కోసారి కెమెరాతో కుదరక అప్పటికప్పుడు పొట్ట కోసి చేయాల్సి వస్తుంది. ఆయనకి మాత్రం ఐసీయూ, రక్తం, గుండె డాక్టర్ అన్నీ ఒకే చోట ఉన్న హాస్పిటలే కరెక్ట్. ఏ జబ్బూ లేని ముప్పై ఏళ్ల వాళ్లకైతే అదే ఆపరేషన్ మంచి ల్యాప్రోస్కోపీ సెంటర్‌లో చేయించుకోవచ్చు, పెద్దగా భయపడేదేం లేదు.

అందుకే డేట్ ఫిక్స్ చేసుకునే ముందే మత్తు డాక్టర్‌ని కలవండి. ఆపరేషన్ రోజు పొద్దున టేబుల్ మీద పడుకోబెట్టాక వచ్చి చూస్తాం అంటే అక్కడ వద్దు. రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా, రెండంతస్తులు మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, సిగరెట్, మందు అలవాటుందా, ఏవీ దాచొద్దు (ఇంట్లోవాళ్ల ముందు చెప్పడం ఇబ్బందైతే వాళ్లని బయటికి పంపి చెప్పండి). రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే మీరే ఆపేయకండి, స్టెంట్ వేసిన డాక్టర్‌ని అడిగాకే.

ఒకే రకం వైద్యం చేసే స్పెషలైజ్డ్ సెంటర్ అంటే చిన్న క్లినిక్ అని కాదు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, 1978 నుంచి నడుస్తున్న చెన్నై శంకర నేత్రాలయ చూసేది కళ్లే. రోజూ అదే పని చేసే టీమ్‌కి చెయ్యి తిరిగి ఉంటుంది, ఎమర్జెన్సీ కేసు వచ్చిందని మీ ఆపరేషన్ వెనక్కి తోసేయడం కూడా తక్కువ.

చిన్న సెంటర్‌కి వెళ్తే మాత్రం మొహమాటపడకుండా అడగండి: రాత్రి డ్యూటీలో ఎంబీబీఎస్ డాక్టర్ ఉంటారా, రక్తం ఎక్కడినుంచి తెస్తారు, తేడా వస్తే ఏ హాస్పిటల్‌కి షిఫ్ట్ చేస్తారు, అంబులెన్స్ ఎవరిది. "మా దగ్గర అలాంటివి జరగవండీ" అని నవ్వితే లేచి వచ్చేయండి. షిఫ్ట్ చేసేది ఎక్కడికి అంటే టక్కున పేరు చెప్పగలగాలి.

ఆన్‌లైన్ యాడ్స్‌లో పైల్స్, హెర్నియా ఆపరేషన్లు బుక్ చేసే కంపెనీలతో ఇంకో తలనొప్పి ఉంది. వాటిలో కొన్నిటికి సొంత హాస్పిటల్ ఉండదు, వేరేవాళ్ల థియేటర్‌లో చేయిస్తారు. కత్తి పట్టేది ఎవరో పేరు తెలుసుకుని, మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో చూసుకుని, ఆ డాక్టర్‌తోనే మాట్లాడి అప్పుడు అడ్వాన్స్ కట్టండి.

డబ్బు సంగతి. 24 గంటలు అడ్మిట్ కాకపోయినా డే కేర్ కింద ఇన్సూరెన్స్ వస్తుంది, కానీ శుక్లం, హెర్నియా, రాళ్లు లాంటివాటికి చాలా పాలసీల్లో 2 ఏళ్ల వెయిటింగ్ ఉంటుంది (పాలసీ తీసుకున్న 2 ఏళ్ల దాకా వాటికి డబ్బు రాదు), శుక్లానికైతే కంటికి ఇంత అని లిమిట్ కూడా ఉండొచ్చు. పెద్ద హాస్పిటల్‌లో మీ పాలసీ కంటే ఖరీదైన రూమ్ తీసుకుంటే రూమ్ అద్దె ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు లాంటివాటిలో కూడా ఆ నిష్పత్తిలో కోత పడొచ్చు. ప్యాకేజీలో శుక్లానికి వేసే లెన్స్, హెర్నియాకి వేసే మెష్ (వల లాంటిది) కలిపారా, ఇంకో రోజు ఉండాల్సొస్తే ఎంత అనేది కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కార్డున్నవాళ్లు ఆ హాస్పిటల్ లిస్టులో ఉందా అనే కాదు, మీ ఆపరేషన్ అక్కడ ఆ స్కీమ్ కింద చేస్తున్నారా అని ఆరోగ్యమిత్రని (హాస్పిటల్‌లో ఆ స్కీమ్ సంగతులు చూసే మనిషి) అడగండి.

చివరగా ఇల్లు. ఫుల్ మత్తు ఇచ్చాక 24 గంటలు బండి నడపకూడదు, పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. ఒంటరిగా ఉండేవాళ్లు ఒక రాత్రి అడ్మిషన్ అడగడమే మేలు. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో హైదరాబాద్ వచ్చి చేయించుకుంటే డే కేర్ కదా అని రాత్రి బస్సు ఎక్కేయకండి, చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకుని, పొద్దున డాక్టర్‌కి చూపించుకుని బయల్దేరండి.