మారుమూల సముద్రపు ఊరికి స్కూబా డైవింగ్‌కి వెళ్లేముందు చూసుకోవాల్సినవి

జనం పెద్దగా రాని తీరంలో డైవింగ్ చేస్తే ఆ సుఖమే వేరు. నీళ్లలో ఎవరి ఫిన్ (ఈదడానికి కాళ్లకి తొడిగే రెక్క) వచ్చి ఎవరి ముఖానికి తగులుతుందో అన్న గొడవ ఉండదు, పడవ దిగితే మీరూ, మీకు జతగా దిగే మీ బడ్డీ తప్ప ఇంకెవరూ కనపడరు, చేపలు కూడా మనిషిని చూసి చూసి విసిగిపోయినట్టు ఉండవు. కానీ అలాంటి ఊళ్లో ఏదైనా జరిగితే సాయం గంటల దూరంలో ఉంటుంది. అందుకే నేను బుక్ చేసేముందు ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది ఒకటే: "పడవలో ఆక్సిజన్ ఉంటుందా? ఉంటే ఎంతసేపు వస్తుంది?"

ఎందుకంటే లోతులో గాలి పీల్చినప్పుడు అందులోని నైట్రోజన్ రక్తంలోకీ కండరాల్లోకీ కరుగుతుంది. గబగబా పైకి వస్తే అది బుడగలుగా మారి కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి కాళ్లు చచ్చుబడటం దాకా పోతుంది. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. మొదటి చికిత్స నూరు శాతం ఆక్సిజన్, ఆ తర్వాత హైపర్‌బారిక్ ఛాంబర్, అంటే ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే మూసిన గది. 400 లీటర్ల చిన్న ఆక్సిజన్ సిలిండర్ నుంచి నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తే అరగంట కూడా రాదు. ఊరి నుంచి పెద్దాసుపత్రికి 4 గంటలైతే ఆ లెక్క మీరే వేసుకోండి. "ఉందండీ" అనగానే ఊరుకోకుండా ఎన్ని లీటర్లదో, నిండుగా ఉందో లేదో కూడా అడగండి. నిజంగా సిద్ధంగా ఉన్నవాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు, ఇంకా సంతోషంగా చెప్తారు.

ఛాంబర్ విషయంలో ఒక మెలిక ఉంది. కొన్ని ఆసుపత్రుల్లో ఛాంబర్ ఉన్నా అది మానని పుండ్ల చికిత్సకే వాడతారు, డైవర్లని ఎమర్జెన్సీగా తీసుకోరు. ముందే కనుక్కుని, పేరు, నంబరు, చేరడానికి పట్టే సమయం ఒక కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోండి, మీ బడ్డీకీ ఒక కాపీ ఇవ్వండి. సిగ్నల్ లేని చోట ఫోన్‌లో దాచుకున్న లింకు దేనికీ పనికిరాదు. ఇన్సూరెన్స్ కూడా చదివి చూసుకోండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కూబా వర్తించదు, వర్తించినా ఇన్ని మీటర్ల లోతు వరకే అని రాసి ఉంటుంది. డైవింగ్ కోసమే ఉన్న పాలసీ తీసుకోవడం మంచిది.

ఇక మీ సంగతి. మొదటి కోర్సైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంటే 18 మీటర్ల లోతు వరకు, అడ్వాన్స్‌డ్ ఉంటే 30, సరదా డైవింగ్‌కి ఆఖరి హద్దు 40. ఏడాదిగా నీళ్లలో దిగకపోతే రిఫ్రెషర్ క్లాసు బయలుదేరకముందే చేసుకోండి, అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకోవద్దు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్‌ని అడగాల్సిందే. జలుబు చేస్తే మాత్ర వేసుకుని దిగేవాళ్లని చూశాను. మందు పనితనం నీళ్ల అడుగున ఉండగానే తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి పోక ప్రాణం పోతున్నంత నొప్పి వస్తుంది. ఆ రోజుకి డైవ్ మానేయండి.

తేదీలు పెట్టుకునేటప్పుడు వాతావరణంతో పాటు తిథి కూడా చూడండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, దాంతో చాలాచోట్ల ప్రవాహం కూడా గట్టిగా ఉంటుంది. అష్టమికి అటూ ఇటూ సముద్రం కాస్త మెత్తబడుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి అవే మంచి రోజులు. పెద్ద వాన పడ్డాక ఏటి నీళ్లు కలిసే చోట రెండు మూడు రోజులు అడుగున ఏమీ కనపడదు. ఊళ్లో వేటకెళ్లేవాళ్లని అడిగితే ఏ రాయి దగ్గర నీళ్లు ఎటు లాగుతాయో, వలలు ఎక్కడ వేశారో చెప్తారు. ఏ యాప్ కన్నా ఆ మాట మీద నాకు గురి ఎక్కువ.

సామాను విషయంలో మాస్క్, లోతునీ సమయాన్నీ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ మాత్రం మీ సొంతవే తీసుకెళ్లండి. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఉంటే సర్వీసింగ్ చేయించి తీసుకెళ్లండి, అక్కడి సిలిండర్లకి దాన్ని బిగించే తీరు డిన్ రకమా (మరతో) యోక్ రకమా (బిగింపుతో) అని అడిగి అవసరమైతే అడాప్టర్ కొనుక్కోండి. వీటితో పాటు ఒక చిన్న డబ్బా: ఓ రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు), మాస్క్ పట్టీ, ఫిన్ పట్టీ, మౌత్‌పీస్, నాలుగు జిప్ టైలు, కంప్యూటర్ బ్యాటరీ. ఈ డబ్బా ఎందుకంటే, ఒకసారి ఇలాంటి ఊళ్లోనే పడవ ఎక్కబోతూ సిలిండర్ వాల్వ్ తిప్పితే సుయ్‌య్ మని చప్పుడు. రెగ్యులేటర్ విప్పి చూస్తే వాల్వ్ మూతి దగ్గరి నల్ల రబ్బరు రింగు ఒకచోట వెంట్రుకంత చీలి ఉంది. బొటనవేలి గోరంత రింగు! వాళ్ల దగ్గర ఇంకొకటి లేదు, దగ్గర్లో కొట్టూ లేదు. అంత దూరం వెళ్లి ఆ పూటంతా ఒడ్డున కూర్చున్నాను. అప్పటి నుంచి పది రింగులు లేకుండా గడప దాటలేదు.

అక్కడికి చేరాక ముందు సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ దగ్గరికి వెళ్లండి. గాలి లోపలికి తీసుకునే పైపు ఎక్కడుందో చూడండి. ఇంజన్ పొగ గొట్టం పక్కనే ఉంటే ఆ సిలిండర్లు వద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, పైగా 30 మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి 4 రెట్లు కాబట్టి కొద్దిగా ఉన్నా అక్కడ 4 రెట్లుగా పనిచేస్తుంది. నూనె వాసనో పొగ వాసనో వచ్చిందంటే మాత్రం ఇంకేం ఆలోచించకండి, దిగకండి.

దిగేముందు ఈ ఒక్క పరీక్ష ఎంత తొందర్లో ఉన్నా మానొద్దు. సిలిండర్‌లో గాలి పీడనం చూపే గేజ్‌ని కళ్లెదురుగా పట్టుకుని రెగ్యులేటర్‌లోంచి నాలుగైదు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు 200 బార్ (బార్ అంటే పీడనం కొలత) దగ్గర కదలకుండా ఉంటే సరే. పీల్చినప్పుడల్లా కిందికి పడి మళ్లీ లేస్తోందంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. పైన ఇది తెలియదు, బాగానే గాలి వస్తుంది, 20 మీటర్ల కిందికి వెళ్లాక ఊపిరి అందదు.

నీళ్లలో మీ సర్టిఫికెట్ హద్దు కన్నా తక్కువలోనే తిరగండి. 30కి అర్హత ఉన్నా ఇలాంటి చోట నేను 20 దాటను. దిగేటప్పుడు ప్రతి మీటరుకీ ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవుల్లో పీడనం సరిచేసుకోండి, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి. పైకి నిమిషానికి 9 మీటర్లకి మించకుండా రండి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి, పడవ ఎక్కేసరికి 50 బార్ మిగలాలి. పైకి తేలాక కనపడటానికి రంగు గొట్టం బెలూన్, ఒక విజిల్, వలలో చిక్కుకుంటే కోసుకోవడానికి చిన్న కత్తి దగ్గరుంచుకోండి. పడవలో ఇంజన్ నడపడం వచ్చినవాళ్లు ఒకరు ఉండిపోవాలి, లంగరు వేసి అందరూ దిగడం కుదరదు.

చిన్న పడవలకి నిచ్చెన ఉండదు. నీళ్లలోనే ముందు బరువుల బెల్టు విప్పి పైకి అందించండి, తర్వాత సిలిండర్‌తో సహా అది బిగించి ఉన్న జాకెట్టు. ఫిన్స్ మాత్రం తీయొద్దు, అంచు పట్టుకుని వాటితోనే గట్టిగా తన్నితే సగం ఒళ్లు పైకి లేస్తుంది. మొదటి రోజే ఒడ్డు దగ్గర ఒకసారి చేసి చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఖాళీ ఉంచండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేనైతే 24 గంటలు ఆగుతాను. దారిలో ఎత్తైన కొండ రోడ్డున్నా ఇదే లెక్క, శరీరానికి విమానమైనా ఘాట్ రోడ్డైనా ఎత్తు ఎత్తే. ఆ ఖాళీ రోజున సామాను కడుక్కోండి. మంచినీళ్లకి కొరత ఉండే ఊళ్లు చాలా ఉంటాయి కాబట్టి అడిగి ఒక బకెట్ తీసుకుని, అందులోనే ముందు రెగ్యులేటర్, మాస్క్, చివర్లో ఇసుక పట్టిన బూట్లు కడగండి. రెగ్యులేటర్‌కి దుమ్ము మూత బిగించే ముంచండి, నీళ్లలో ఉండగా గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కకండి, లోపలికి నీళ్లు పోతాయి. తర్వాత నీడలో ఆరేయండి.