రూమ్ ఖర్చులు పంచే యాప్: వారం వారం మేం ఏం చేశాం, మీరు ఎలా చెయ్యొచ్చు

మా పోర్షన్‌లో నలుగురం ఉంటాం. నాది ఒంగోలు. మిగతా ముగ్గురినీ ఊరి పేరుతోనే పిలవడం అలవాటు, ఇక్కడా అలాగే రాస్తాను: భీమవరం, కర్నూలు, శ్రీకాకుళం. విజయవాడ దగ్గర బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాం. ప్రాజెక్టుకు టాపిక్ ఇవ్వమని గైడ్ సార్ అడిగిన రోజు సాయంత్రమే మా ఇంట్లో వాటర్ క్యాన్ డబ్బుల దగ్గర పెద్ద గొడవైంది. ఇరవై రూపాయల క్యాన్. ముగ్గురూ తామే ఇచ్చామన్నారు. టాపిక్ అలా దొరికింది.

"ఖర్చులు పంచుకోవడానికి స్ప్లిట్‌వైజ్ యాప్ 2011 నుంచీ ఉంది కదమ్మా, మళ్ళీ మీరెందుకు?" అని సార్ మొదటి రోజే అడిగారు. ఉన్నదాన్నే మళ్ళీ చెయ్యడంలో ఒక సుఖం ఉంది. మన జవాబు సరైనదో కాదో ఇంకోచోట పోల్చి చూసుకోవచ్చు. సార్ ఒప్పుకున్నారు, కానీ ప్రతి శనివారం ప్రోగ్రెస్ చూపించాలన్నారు. ఆ శనివారాల కాగితాలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. యాప్ తయారీకి ఫ్లట్టర్, డేటా దాచడానికి ఫైర్‌స్టోర్ అనే ఆన్‌లైన్ డేటాబేస్ వాడాం. మీరు ఇంకేది వాడినా లెక్క మాత్రం ఇదే.

మొదటి వారం ల్యాప్‌టాప్ తెరవకండి. నిజంగా. ఒక పొడుగు నోట్‌బుక్ కొని, పెన్ను దారంతో కట్టి, స్టవ్ గట్టు పక్కన వేలాడదీయండి. ఖర్చు పెట్టిన ప్రతిసారీ నాలుగు గడులు నింపాలి: తేదీ, ఎవరు ఇచ్చారు, ఎంత, ఎవరి కోసం. నాలుగో గడినే అందరూ మర్చిపోతారు. మేమూ మొదటి రెండు రోజులు మర్చిపోయాం. "చికెన్ 300" అని రాసి ఉంటే ఏం తెలుస్తుంది? కర్నూలు మాంసం ముట్టదు. "పాలు" అని ఉంటే, ఆ మూడు రోజులూ శ్రీకాకుళం ఊళ్ళో లేదు.

వారం చివర నోట్‌బుక్ చూస్తే 41 పద్దులు ఉన్నాయి. వాటిని కుప్పలు చేస్తే నాలుగు రకాలే తేలాయి. అందరికీ సమానంగా పంచేవి: అద్దె, గ్యాస్, నెట్. కొందరికే పంచేవి: చికెన్, ఆటో. ఎవరిది వారికి రాసేవి: టిఫిన్ సెంటర్లో ఒకరు ఇడ్లీ, ఒకరు మసాలా దోశ, బిల్లు మాత్రం ఒకరే ఇస్తారు. చివరిది అసలు ఖర్చే కాదు, చేబదులు. "ఐదొందలు ఇవ్వవే, రేపు ఇస్తా" రకం. మా యాప్‌కు కావాల్సినవన్నీ ఆ నాలుగు కుప్పల్లోనే ఉన్నాయి. మీ రూమ్‌లో అవి వేరేగా ఉండొచ్చు, అందుకే రాసి చూడమంటున్నాను.

రెండో వారం డేటాబేస్. భీమవరం ఒక డిజైన్ గీసింది. ప్రతి మనిషికీ ఒక "బాకీ" అంకె, ఖర్చు రాసినప్పుడల్లా అది పెరగడమో తగ్గడమో. చూడ్డానికి చక్కగా ఉంది. ఆ ఆదివారం నేను ఒంగోలు వెళ్ళాను. మా నాన్నకు కిరాణా కొట్టు ఉంది. గల్లా పెట్టె పక్కన ఎర్ర అట్ట చిట్టా ఇప్పటికీ ఉంటుంది. మా డిజైన్ చూపించి, "ఎవరైనా తప్పు అంకె వేస్తే దిద్దేస్తాం నాన్నా" అన్నాను. ఆయన చిట్టాలో ఒక పేజీ తీసి చూపించారు. దాంట్లో ఎక్కడా కొట్టివేత లేదు. "రాసిన పద్దు కొట్టెయ్యకూడదు తల్లీ. తప్పుంటే దాని కింద ఎదురు పద్దు వెయ్యాలి. లేకపోతే రేపు ఖాతాదారు వచ్చి అడిగితే ఏం చూపిస్తావు?"

తిరుగు బస్సులో డిజైన్ మార్చేశాను. మూడే మూడు పట్టికలు: సభ్యులు, పద్దులు, వాటాలు. బాకీ అనే గడి ఎక్కడా లేదు. ఎవరు ఎంత ఇవ్వాలో కావాలంటే పద్దులన్నీ కూడితే వస్తుంది. నలుగురి ఇంటికి నెలకు రెండొందల పద్దులు కూడా ఉండవు, ఫోన్‌కు అది కూడిక కిందే లెక్క కాదు. లాభం ఎక్కడంటే, ఇద్దరు ఒకే క్షణంలో రెండు ఫోన్లలో ఖర్చు రాసినా ఒకరి అంకె మీద ఇంకొకరి అంకె పడి చెరిగిపోదు. రెండు పద్దులూ ఉంటాయి. పద్దును డిలీట్ చేస్తే మాయమవదు, రద్దు చేసినట్టు ఎదురు పద్దు పడుతుంది, ఎవరు చేశారో కనిపిస్తుంది. వాటర్ క్యాన్ గొడవలు సగం ఇక్కడే ఆగాయి.

మూడో వారం పైసలు. ఈ వారం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సీనియర్లు మాకు చూపించిన ప్రతి ప్రాజెక్టులోనూ ఇదే తప్పు ఉంది.

డబ్బును దశాంశ సంఖ్యగా, అంటే డబుల్ రకంలో దాచకండి. డార్ట్ (ఫ్లట్టర్ కోడ్ రాసే భాష)లోగానీ పైథాన్‌లోగానీ 0.1, 0.2 కూడి చూడండి. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో దాస్తుంది, ఆ పద్ధతిలో పదో వంతు తెగదు, మన పద్ధతిలో మూడో వంతు తెగనట్టే. కాబట్టి అంతా పైసల్లో, పూర్ణ సంఖ్యగా దాచండి. 250 రూపాయలు అంటే 25000.

ఇది తెలుసుకున్నాక కూడా మేం బోల్తా పడ్డాం. సూపర్ మార్కెట్ బిల్లులో ఒక వస్తువు 19.99. యూజర్ కొట్టిన దాన్ని సంఖ్యగా మార్చి, వందతో గుణించి, పూర్ణాంకం తీసుకున్నాం. 1998 వచ్చింది. వందతో గుణిస్తే 1998.9999999999998 వస్తోంది, చివరి ముక్క కత్తిరించేశాం. పరిష్కారం చాలా మామూలుది. దాన్ని సంఖ్యగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచి, చుక్క దగ్గర విడగొట్టి, ఎడమది రూపాయలు, కుడిది పైసలు అనుకోవడమే. కుడి పక్క ఒక్క అంకే ఉంటే సున్నా చేర్చడం మర్చిపోకండి. "12.5" అంటే పన్నెండు రూపాయల ఐదు పైసలు కాదు.

తర్వాత మిగులు. వంద రూపాయలు ముగ్గురికి పంచితే తలా 3333 పైసలు, ఒక పైసా మిగులుతుంది. పావలా బిళ్ళే 2011లో చెలామణి నుంచి పోయింది, ఒక పైసాకు ఇంత చర్చా అని శ్రీకాకుళం నవ్వింది. కానీ ఆ పైసాను వదిలేస్తే వాటాల మొత్తం బిల్లుతో కలవదు, నెలాఖరుకు లెక్క ఎందుకు తేలట్లేదో ఎవరికీ అర్థం కాదు. మిగిలింది డబ్బు ఇచ్చినవారి వాటాలోనే వెయ్యాలని నియమం పెట్టుకున్నాం. ఒకసారి కర్నూలు వెయ్యి రూపాయల చికెన్ బిల్లు కట్టింది, తిన్నది మేం ముగ్గురం. మిగిలిన పైసా వెళ్ళి కర్నూలు ఖాతాలో కూర్చుంది. "నా పేరు మీద చికెన్ ఏంటే?" అని ఫోన్ ఎత్తి చూపించింది. ఒక పైసా చికెన్. అప్పుడు నియమం మార్చాం: ఇచ్చినవారు తిన్నవారిలో ఉంటేనే వారికి, లేకపోతే తిన్నవారిలో వంతుల వారీగా.

దీనికి టెస్టులు, అంటే లెక్కను తనిఖీ చేసే చిన్న కోడ్‌లు రాయండి. మొదటిది: ఏ పద్దులోనైనా వాటాల మొత్తం బిల్లుకు సమానం కావాలి. రెండోది: ఏదో ఒక వెయ్యి పద్దులు యాదృచ్ఛికంగా పుట్టించి, అందరి బాకీలూ కూడితే సున్నా రావాలి. ఈ రెండూ ఉన్నా చికెన్ పైసా దొరకలేదు, ఎందుకంటే మొత్తం సరిగ్గానే ఉంది. అందుకే మూడోది చేర్చాం: పంపకంలో లేని మనిషి వాటా కచ్చితంగా సున్నా.

నాలుగో వారం మిడ్స్, అంటే సెమిస్టర్ మధ్యలో పరీక్షలు. ఏమీ చెయ్యలేదు. శనివారం కాగితం మీద అదే రాశాం. మొదట్లో ఏదో యూఐ (స్క్రీన్ల రూపం) మార్చామని అబద్ధం రాద్దామనుకున్నాం, భీమవరం ఒప్పుకోలేదు. సార్ ఏమీ అనలేదు. ఇంతకీ ఆ కాగితం మూడు వాక్యాలకు మించకూడదని మా నియమం: ఇప్పుడు ఏది నడుస్తోంది, ఎక్కడ ఆగాం, వచ్చే వారం ఏ ఒక్కటి చేస్తాం. "యాభై శాతం పూర్తయింది" అని రాయడం మానేయండి, ఆ శాతం ఎవరికీ అర్థం కాదు.

ఐదో వారం ఎవరు ఎవరికి ఇవ్వాలి అనేది. మా ఒక నెల లెక్క ఇది. అద్దె 12,000 భీమవరం ఇచ్చింది. సరుకులు 3,600 నేను. కరెంటు, నెట్ కలిపి 1,800 కర్నూలు. చికెన్ 1,200 శ్రీకాకుళం, తిన్నది ముగ్గురం. ఏ పద్దుకు ఆ పద్దు తీర్చుకుంటూ పోతే పదకొండు చెల్లింపులు. అదే ఒక్కొక్కరు ఇచ్చినదాంట్లోంచి వాళ్ళ వాటా తీసేసి చూడండి. నా వాటా 4,750, ఇచ్చింది 3,600, కాబట్టి నేను 1,150 బాకీ. అలాగే కర్నూలు 2,550, శ్రీకాకుళం 3,550 బాకీ. భీమవరానికి రావాల్సింది 7,250. మూడు చెల్లింపులతో నెల తేలిపోయింది.

రావాల్సిన వాళ్ళు ఒకరికంటే ఎక్కువ ఉంటే చిన్న ఉపాయం కావాలి. బాపట్ల పక్కన సూర్యలంక బీచ్‌కు ఆరుగురం వెళ్ళొచ్చాక ఇద్దరికి 900, 500 రావాలి. నలుగురు 600, 400, 300, 100 ఇవ్వాలి. అందరికంటే ఎక్కువ ఇవ్వాల్సినవారిని అందరికంటే ఎక్కువ రావాల్సినవారితో కలపండి, రెండింట్లో చిన్న మొత్తం చెల్లించండి, మళ్ళీ మొదట్నుంచి. 600 వెళ్ళి 900లో పడితే 300 మిగులుతుంది. 400 వెళ్ళి 500లో పడితే 100 మిగులుతుంది. మిగతా 300, 100 సరిపోతాయి. నాలుగు చెల్లింపులు. ఈ పద్ధతిలో ఎంతమంది ఉన్నా, వారి సంఖ్యకు ఒకటి తక్కువకు మించి చెల్లింపులు రావు. అన్నిసార్లూ ఇదే అతి తక్కువ అని మాత్రం వైవాలో చెప్పకండి. కచ్చితంగా అతి తక్కువ కనిపెట్టడం ఎన్‌పీ-హార్డ్ సమస్య, అంటే దానికి వేగంగా జవాబు తేల్చే పద్ధతి ఎవరికీ తెలియదు, మేం ఆ ప్రశ్నకు దొరికిపోయాం.

లెక్క ఒప్పుకున్నా మనుషులు ఒప్పుకోరు. "నేను ఆ అమ్మాయి దగ్గర ఏమీ తీసుకోలేదు, తనకెందుకు ఇవ్వాలి?" అని శ్రీకాకుళం మొండికేసింది. సబబైన ప్రశ్నే. అందుకే ప్రతి చెల్లింపు పక్కన "ఎందుకు?" అని ఒక బటన్ పెట్టాం. నొక్కితే ఏయే పద్దుల వల్ల ఆ అంకె వచ్చిందో వరసగా కనిపిస్తుంది. యాప్ మొత్తంలో ఎక్కువసార్లు నొక్కేది అదే.

ఆరో వారం యూపీఐ. డబ్బు మన యాప్ గుండా వెళ్ళక్కర్లేదు, వెళ్ళనివ్వద్దు కూడా. ఒక యూపీఐ లింకు తయారుచేస్తే ఫోన్‌లో ఉన్న పేమెంట్ యాప్ తెరుచుకుంటుంది. లింకులో కొన్ని పొట్టి పేర్ల గడులు ఉంటాయి: పీఏ దగ్గర తీసుకునేవారి ఐడీ, పీఎన్ దగ్గర పేరు, ఏఎమ్ దగ్గర మొత్తం, సీయూ దగ్గర ఐఎన్‌ఆర్ (రూపాయి అని), టీఎన్ దగ్గర చిన్న మాట. మొత్తం ఇక్కడ రూపాయల్లో ఇవ్వాలి. మా దగ్గర అంతా పైసలు కదా, మొదటి ట్రయల్‌లో 1,150 బదులు 1,15,000 చూపించింది. పిన్ కొట్టలేదు కాబట్టి బతికిపోయాను. రావాల్సినవారే రిక్వెస్ట్ పంపేలా చేద్దామనుకుంటే కుదరదు, వ్యక్తుల మధ్య ఇలా డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు నుంచి ఆపేసింది. వ్యక్తిగత ఐడీకి వెళ్ళే లింకులను కొన్ని యాప్‌లు తిరస్కరిస్తాయి కూడా. అందుకని అదే లింకును క్యూఆర్‌గా చూపించే దారి కూడా ఉంచండి. "పేమెంట్ అయింది" అని యాప్ చెప్పే మాట నమ్మి బాకీ కొట్టెయ్యకండి. తీసుకున్నవారు "అందింది" అని నొక్కితేనే పద్దు పడాలి.

ఏడో వారం రెండు దెబ్బలు. నెట్ సరిగా లేని చోట సేవ్ రెండుసార్లు నొక్కితే గ్యాస్ సిలిండర్ రెండుసార్లు పడింది. పద్దు ఐడీని స్క్రీన్ తెరిచినప్పుడే ఫోన్‌లో పుట్టించి, ఆ ఐడీ మీదే రాయండి. పదిసార్లు నొక్కినా ఒకే పద్దు ఉంటుంది. రెండోది పూర్తిగా మా బద్ధకం. డేటాబేస్‌ను టెస్ట్ మోడ్‌లో, అంటే ఎవరైనా చదవగలిగేలా, రాయగలిగేలా మొదలుపెట్టి, ఎవరికి అనుమతో చెప్పే రూల్స్ రాయడం వాయిదా వేశాం. ఆ మోడ్ గడువు ముప్పై రోజులు. ముప్పై ఒకటో రోజు పొద్దున్న యాప్ ఏదీ చదవలేదు, టెన్షన్‌తో టిఫిన్ కూడా తినలేదు. గ్రూపు సభ్యులకే చదవడం, రాయడం అనే రూల్ మొదటి రోజే రాసుకోండి.

ఎనిమిదో వారం కింది పోర్షన్ అబ్బాయిలకు ఇచ్చాం. ఒక్క రోజులో తిప్పి పంపారు. వాళ్ళకు వంటమనిషి ఉంది, తిన్న పూటలను బట్టి పంచుకుంటారట. మా నాలుగు కుప్పల్లో అది లేదు. నెల ఖర్చు 9,300, మొత్తం 310 పూటలు, పూటకు 30 పడుతుంది. 22 పూటలు తిన్నవాడికి 660. ఐదో రకంగా "పూటల లెక్క" చేర్చాం. పంపకం కోడ్ ఒకేచోట ఉండటం వల్ల ఒక సాయంత్రంలో అయిపోయింది.

ఇప్పుడు మిగిలింది ఇంటి అడ్వాన్స్. అది ఖర్చు కాదు, చేబదులూ కాదు. ఓనర్ దగ్గర ఉన్న మా డబ్బు. ఖాళీ చేసినప్పుడు గోడలకు సున్నం వెయ్యడానికని ఎంత పట్టుకుంటారో ఇప్పుడే తెలియదు. మా నాన్నను అడిగితే, ఓనర్‌ను కూడా ఒక ఖాతాదారుగా చేర్చమన్నారు. ఓనర్ పేరుతో ఐదో సభ్యుణ్ణి చేర్చాం. గ్రూపు మొత్తంలో ఎక్కువ బాకీ ఉన్నది ఆయనే. ఆ సంగతి ఆయనకు ఇంకా తెలియదు.